మూడో మలుపు దగ్గర గీత

నేను ఎక్స్‌రేలు తీసేవాణ్ని. పంతొమ్మిదేళ్లుగా అదే ఆసుపత్రి, అదే గది. రోజుకి యాభై అరవై మందిని బల్ల మీద పడుకోబెట్టి "కదలకండి" అని చెప్పడం నా పని. అలాంటివాణ్ని నలభై ఒకటో ఏట, క్షణం కూడా కుదురుగా ఉండని రేసు బండ్లని ఫొటోలు తీద్దామని ఎందుకు బయల్దేరానో మా ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

దీనంతటికీ మూలం మా బావమరిది. వాడు ఒక మోటార్‌సైకిల్ రేసు జట్టులో మెకానిక్కు. ఓసారి మా ఇంట్లో కళ్లజోడు మర్చిపోయి ట్రాకుకి వెళ్లిపోయాడు. అది లేకపోతే వాడికి బోల్టూ నట్టూ ఒకటే. ఇచ్చి వచ్చేద్దామని వెళ్లాను. కంచె పక్కన నిలబడి వాడి కోసం చూస్తుంటే ఎదుటి మలుపులో ఒక బండి నేల మీదికి వాలిపోయింది. పడ్డాడనుకున్నాను. పడలేదు. నడిపేవాడి మోకాలు రోడ్డుని అలా రాసుకుంటూ పోయింది, బండి మళ్లీ లేచి నిలబడింది, కన్ను మూసి తెరిచేలోగా మాయమైంది. పొద్దున లేస్తే విరిగిన మోకాళ్లు చూసే బతుకు నాది. మోకాలితో అలాంటి పని కూడా చేయొచ్చని నాకు తెలీదు. కళ్లజోడు జేబులోనే పెట్టుకుని సాయంత్రం దాకా అక్కడే నిలబడిపోయాను. మా వాడు ఆ రోజంతా ఎవరి కళ్లతో బోల్టులు బిగించాడో ఆ దేవుడికే ఎరుక.

ఆ తర్వాత నెలలో ఒక పాత కెమెరా, పొడుగాటి లెన్సు సంపాదించాను. మా బావమరిది వాళ్ల జట్టు కోటాలో నాకు ట్రాక్ పక్కన నిలబడే పాసు ఇప్పించాడు. దాంతోపాటు నారింజ రంగు చేతుల్లేని జాకెట్టు ఒకటి ఇచ్చారు. అది తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంటే మా ఆవిడ, "రోడ్డు తవ్వకానికి బయల్దేరినట్టున్నారు" అంది.

అక్కడ ఫొటోలు తీసేవాళ్లం నాతో కలిపి ఆరుగురం. అందరికీ పెద్ద ఒకాయన. ముప్పై ఏళ్లు పత్రికలో ఫొటోగ్రాఫరుగా చేసి రిటైరైనాయన. నెత్తిన టోపీ లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి టోపీ మాస్టారంటారు. మొదటి రేసు రోజు నేను తొమ్మిది వందల ఫొటోలు తీసి, అందులో బాగున్నాయనుకున్నవి పదకొండు ఏరి ఆయనకి గర్వంగా చూపించాను. బండి పదునుగా ఉంది. చక్రాల పుల్లలు లెక్కపెట్టొచ్చు. టైరు మీద అక్షరాలు చదవొచ్చు.

ఆయన చూసి, "ఇదేంటి బాబూ, అమ్మకానికి పెట్టిన బండిలా ఉంది?" అన్నారు.

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు.

"చక్రం తిరుగుతోందో లేదో తెలియకపోతే అది రేసేంటి? నువ్వు కాలాన్ని మరీ సన్నగా కోస్తున్నావు. కాస్త లావుగా కొయ్యి. షట్టర్ నిదానం చెయ్యి. బండి ఎంత వేగంగా పోతే నీ నడుమూ అంత వేగంగా తిరగాలి. బండి ఒక్కటే నిలిచి, మిగతా ప్రపంచమంతా చెరిగిపోవాలి. పాదాలు మాత్రం కదపకూడదు. నొక్కేశాక కూడా తిరుగుతూనే ఉండాలి." ఆ పదకొండూ ఒకసారి మళ్లీ తిప్పి, "ఇకమీదట ఏరి తేవద్దు. తీసినవన్నీ తీసుకురా. చెడ్డ ఫొటోల్లోనే నీ చదువుంది" అన్నారు.

ఇక చూడండి నా అవస్థ. ఆసుపత్రి నుంచి రాగానే మా వీధి మలుపులో నిలబడి వచ్చే పోయే సైకిళ్లనీ బస్సులనీ వెంబడించడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే ఒకావిడ స్కూటర్ ఆపి, "రోజూ మా అమ్మాయి సైకిలు ఫొటో ఎందుకు తీస్తున్నారండీ?" అని నిలదీసింది. నాకు నేలలోకి కుంగిపోయినట్టయింది. నడుం తిప్పడం నేర్చుకుంటున్నానండీ అంటే ఎవరు నమ్ముతారు? కెమెరా ఆవిడ చేతికే ఇచ్చి ఉన్నవన్నీ చూపించాను. ఒక్కదాంట్లోనూ మనిషన్న ఆకారం లేదు, అన్నీ గీతలే. ఆవిడ జాలిపడి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నీళ్ల ట్యాంకర్లు తప్ప ఇంకేవీ తీయలేదు.

రెండో రేసులో ఎనిమిది వందలు తీస్తే రెండు కాస్త పనికొచ్చేట్టు వచ్చాయి. రెండూ మా బావమరిది జట్టు బండివి కావు. వాళ్ల బండి నంబరు ఇరవై ఏడు. అది వచ్చిన ప్రతిసారీ తొందరపడి ముందే నొక్కేసేవాణ్ని.

"బావా, పక్క జట్టు వాళ్ల దగ్గర జీతం తీసుకుంటున్నావా ఏంటి?" అన్నాడు మా వాడు, జట్టు వాళ్లందరి ముందూ. వేళాకోళమే. కానీ నాకు పట్టుదల వచ్చింది. పాసు ఇప్పించినవాడికి ఒక్క మంచి ఫొటో ఇవ్వలేకపోతే ఎందుకు ఈ వేషం అనిపించింది.

మూడో రేసు వచ్చింది. అసలు కథ అక్కడే.

ట్రాక్ మీద ప్రతి మలుపు దగ్గరా మార్షల్స్ ఉంటారు. ఎవరైనా పడిపోతే పసుపు జెండా ఊపి వెనక వచ్చేవాళ్లని హెచ్చరించడం వాళ్ల పని. డబ్బు కోసం చేసేది కాదు, ఇష్టంకొద్దీ చేసేది. మూడో మలుపు మార్షల్ ఒక బడిలో డ్రిల్లు టీచరు. యాభై ఏళ్లుంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. మెళ్లో ఈల.

అక్కడ పాత టైర్లు పేర్చి గోడలా కట్టారు. దాని వెనక ఆరడుగుల దూరంలో నేల మీద నారింజ రంగు గీత. ఫొటోలు తీసేవాళ్లు ఆ గీత దాటకూడదు. ట్రాకుకి వీపు పెట్టకూడదు. ఈల వినపడితే కెమెరా దించేయాలి. ఈ మూడూ పాసు ఇచ్చేటప్పుడే చెప్పి సంతకం పెట్టించుకున్నారు.

గీత వెనక నుంచి చూస్తే టైర్ల గోడ సగం బండిని మింగేస్తోంది. గీత దాటి పక్కగా పదడుగులు వెళ్తే, రెండు టైర్ల వరసల మధ్య సందు ఉంది. అందులోంచి మలుపు మొత్తం అరచేతిలో పెట్టి చూపించినట్టు కనిపిస్తుంది. మొదటి రౌండులోనే ఆ సందు మీద నా కన్ను పడింది. రెండో రౌండులో కాలు పడింది.

"ఎవరండీ అక్కడ! గీత వెనక్కి!" డ్రిల్లు టీచరు కేకేసింది.

తల దించుకుని వెనక్కి వచ్చాను. రెండు రౌండ్లు బుద్ధిగా ఉన్నాను. తర్వాత ఆవిడ అటు తిరిగి రేడియోలో ఏదో మాట్లాడుతోంది. దుమ్ముకి అందరం మూతికి గుడ్డలు కట్టుకునే ఉన్నాం, అందరి జాకెట్లూ ఒకటే. ఒక్క నిమిషం, ఇరవై ఏడు వచ్చి వెళ్లగానే వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. మళ్లీ సందులోకి దూరాను.

కెమెరాకి కన్ను ఆనించాక లోకం గొట్టమంత అయిపోతుంది. ఇరవై ఏడు వస్తోంది. నడుం తిప్పడం మొదలుపెట్టాను. వాలింది. ఇంకా వాలింది. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. ఈల వినపడింది. నా కోసం కాదనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏమీ అనుకోలేదు. గొట్టంలో బండి పెద్దదవుతోంది, అంతే తెలుసు. ఇంతలో ఎవరో వెనక నుంచి జాకెట్టు పట్టుకుని నన్ను గోతాంలా గుంజేశారు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. నేను నిలబడ్డ సందులోకి బండి వచ్చి కొట్టుకుంది. టైర్లు ఎగిరాయి. దుమ్ములో ఏమీ కనిపించలేదు.

"దెబ్బ తగిలిందా?" అని ఆడగొంతు. తగల్లేదని తల ఊపాను. ఆవిడ అప్పటికే లేచి పరిగెడుతోంది. కుడి చెయ్యి పొట్టకి అదుముకుని, ఎడం చేత్తో పడిపోయిన జెండా అందుకుంది.

కానీ ఆలస్యమైంది. ఆరేడు సెకన్లు మూడో మలుపులో జెండా లేదు. అందరికన్నా ముందున్న తొమ్మిదో నంబరు చుట్టు తిరిగి నిండు వేగంతో వచ్చాడు. ట్రాక్ మీద చెల్లాచెదరైన ముక్కలు చివరి క్షణంలో చూసి బండిని ట్రాక్ పక్కనున్న కంకరలోకి తోలుకున్నాడు. దెబ్బల్లేవు కానీ రేసు పోయింది. మా ఇరవై ఏడు కూడా తనంతట తానే లేచి నడుచుకుంటూ వచ్చాడు, భుజం మీద తోలు గీరుకుపోయిందంతే.

నేనేం చేశానో చెప్తాను. దుమ్ము అణగక ముందే లేచి, కెమెరా తుడుచుకుని, గీత వెనక్కి వెళ్లి, మిగతా నలుగురి మధ్యా నిలబడ్డాను. వాళ్ల కళ్లన్నీ పడ్డవాడి మీదే ఉన్నాయి. నన్నెవరూ చూడలేదు.

రేసు అయ్యాక ఫొటోగ్రాఫర్ల గదిలోకి రేసు అధికారి వచ్చాడు. తొమ్మిదో నంబరు జట్టు వాళ్లు ఫిర్యాదు ఇచ్చారట. "మూడో మలుపు మార్షల్ జెండా వదిలేసి పోస్టులోంచి కదిలింది. గీత దాటిన ఫొటోగ్రాఫర్‌ని లాగడానికి వెళ్లానంటోంది. మొహం చూడలేదట, జాకెట్ ఛాతీ మీది నంబరు చూడలేదట. ఎవరది?"

నేను బ్యాటరీలు సంచీలో సర్దుతున్నాను. సర్దిన బ్యాటరీలే మళ్లీ తీసి సర్దాను. 'నేనే' అనడానికి రెండక్షరాలు. నాలుక మీదికి వచ్చాయి కూడా. పాసు పోతుంది, మా బావమరిది పరువు పోతుంది, అందరూ నావైపు తిరుగుతారు అనుకునేసరికి నోరు పెగల్లేదు.

టోపీ మాస్టారు లేచారు. ఆయన ఆ రోజు ఐదో మలుపు దగ్గరున్నారు, ఏమీ చూడలేదు. "మావాళ్లెవరూ గీత దాటరండీ. వాళ్లకి నాది పూచీ" అన్నారు.

"మరి ఆవిడ ఎవర్ని లాగినట్టు?"

ఎవడో మూల నుంచి, "టీచరమ్మకి ఎండదెబ్బ తగిలిందేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ పక్క మీద లేచి కూర్చుంటాను. నోరు మూసుకోవడం భయం అనుకోవచ్చు. నవ్వమని నన్నెవరూ అడగలేదే!

బయట మా బావమరిది ఎదురొచ్చాడు. "బావా, మావాడు పడ్డప్పుడు అక్కడే ఉన్నావటగా. కెమెరాలో ఏమన్నా పడిందా?"

"లేదురా. సరిగ్గా అప్పుడే బ్యాటరీ మారుస్తున్నా."

"నీ రాత!" అని భుజం తట్టి వెళ్లాడు.

ఇంటికొచ్చి ఫొటోలు చూసుకున్నాను. ఒక్కటి వచ్చింది. బండి పూర్తిగా పక్కకి పడి నిప్పులు చిమ్ముతోంది. వాడు ఇంకా హ్యాండిల్ వదల్లేదు. హెల్మెట్ అద్దంలోంచి కళ్లు కనిపిస్తున్నాయి, పదునుగా. వెనక ప్రపంచమంతా గీతలు గీతలుగా చెరిగిపోయి ఉంది. మూడు నెలలుగా దేని కోసం నడుం తిప్పానో అది నా చేతిలో ఉంది. సంతోషించాను, అది దాచి లాభం లేదు. మా ఆవిడని పిలిచి చూపించాను.

"అమ్మో! ఇంత దగ్గరగా ఎలా నిలబడ్డారు?"

"దగ్గరేంటి, జూమ్."

"నిజంగా?"

"జూమ్ అంటున్నానుగా."

ఆ సాయంత్రం నేను ఆవిడ మొహం చూళ్లేదు.

మర్నాడు సోమవారం. పొద్దున తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో ఐదో చీటీ తీసుకుని తలుపు తెరిచి పిలిచాను. 'కుడి మణికట్టు' అని రాసుంది. బయట బెంచీ మీంచి లేచి వచ్చింది డ్రిల్లు టీచరు.

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. తెల్లకోటులో ఉన్నాను, మొహానికి గుడ్డ లేదు, ఆవిడ చూసింది నా వీపునే. మణికట్టు వాచి నల్లబడింది.

"నిన్ననే రావాల్సింది కదా మేడం" అన్నాను.

"ఆదివారమని తాత్సారం చేశానండీ. బెణికిందనుకున్నా."

చెయ్యి పట్టుకుని బల్ల మీద బోర్లా పెట్టాను. వేళ్లు ఒక్కోటీ సర్దాను. నొప్పికి ఆవిడ పళ్లు బిగించింది. అద్దం వెనక్కి వెళ్లి ఒకటి తీశాను. మళ్లీ వచ్చి చెయ్యి పక్కకి తిప్పాను.

"ఎలా పడ్డారు?" అనకూడదు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఎవరొచ్చినా అడిగే మాట అది.

ఆవిడ చెప్పింది. అంతా చెప్పింది. "ఎవడో కొత్తవాడండీ పాపం, కెమెరాలో మునిగిపోయి ఉన్నాడు. ఈలేసినా వినిపించుకోలేదు. జెండా ఊపాలా, వాణ్ని లాగాలా? ఆలోచించే టైం ఎక్కడుంది. లాగాను. అది తప్పంటే తప్పే అనుకోండి. కానీ ఆరుగురినీ అడిగితే ఎవరూ కాదన్నారట! నాకు ఎండదెబ్బ అని నవ్వుకున్నారట. పదకొండేళ్లుగా చేస్తున్నానండీ. ఒక్కనాడు పోస్టు వదల్లేదు. ఇప్పుడు ఈ సీజనంతా రావద్దన్నారు. మరి నేను లాగింది ఎవర్ని? గాలినా?"

నేను చెయ్యి సర్దుతూనే ఉన్నాను. "కదపకండి మేడం. నొప్పిగా ఉందా మేడం?" అని మాత్రం అన్నాను.

తెర మీద ఎముక కనిపించింది. బొటనవేలి కింద సన్నటి చీలిక. వెంట్రుకంత. కొత్తవాళ్లయితే పోల్చుకోలేరు, నేను పోల్చుకున్నాను. ఎన్ని వేల ఎముకలు చూసుంటాను? ఒక్కటీ నా వల్ల విరిగింది కాదు.

"విరిగిందాండీ?"

"డాక్టరుగారు చెప్తారు మేడం."

ఆవిడ థాంక్స్ చెప్పి వెళ్లింది. తర్వాతి చీటీని పిలవడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

బుధవారం టోపీ మాస్టారింట్లో పాఠం. ఆయన ముందుగదిలో గోడ పొడుగునా పాత నెగటివుల బీరువాలు, మధ్యలో బల్ల, దాని మీద కంప్యూటరు. ఎప్పట్లాగే తీసినవన్నీ పట్టుకెళ్లాను, ఆ సందులోంచి తీసిన పద్నాలుగు తప్ప. ఆయన ఒక్కోటీ చూస్తూ, "ఇది నయం... ఇందులో తొందరపడ్డావు..." అంటూ వస్తూ ఒక చోట ఆగారు.

"నాలుగు వేల నూట పన్నెండు తర్వాత నూట ఇరవై ఏడుందేంటి? మధ్యలో పద్నాలుగు ఏమయ్యాయి?"

కెమెరా ఇచ్చే వరస నంబర్ల సంగతి నా బుర్రకి తట్టనే లేదు. "అవి బాగా రాలేదండీ..." అన్నాను.

"బాగా రానివే తెమ్మన్నానుగా."

అవి ఉన్న కెమెరా కార్డు సంచీలోనే ఉంది. తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానంటే, ఇంట్లో మర్చిపోయానని ఇంకో అబద్ధం ఆడటానికి ఓపిక లేదు. అదొక్కటే కాదు, ఆ ఫొటో ఆయన చూడాలని కూడా లోపల ఎక్కడో ఉంది. సిగ్గులేని మనసు.

ఆయన ఆ ఫొటో ముందు చాలాసేపు కూర్చున్నారు. "బాగుంది" అన్నారు మొదట. మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత వేలితో తెర మీద ఒక మూల తాకారు. అక్కడ తెల్లబోర్డు మీద '3' అని ఉంది. అది మార్షల్ పోస్టు బోర్డు.

"గీత వెనక నుంచి తీస్తే ఈ బోర్డు నీకు ఎడం పక్క పడాలి. ఇందులో కుడి పక్కనుంది."

నేను ఆ బోర్డునే చూస్తున్నాను.

"జూమ్ అంటావేమో. జూమ్ చేస్తే బొమ్మ దగ్గరికొస్తుంది. బోర్డు ఈ పక్క నుంచి ఆ పక్కకి దూకదు."

"మాస్టారూ..."

"నేను పూచీ ఇచ్చాను" అన్నారు ఆయన. కోపంగా కాదు. తన మాట తనే ఇంకోసారి విన్నట్టు. "అందరి ముందూ లేచి నిలబడి ఇచ్చాను. నువ్వు నా పక్కనే కూర్చుని బ్యాటరీలు సర్దుకుంటున్నావు."

తిడితే బాగుండేది. రెండు తగిలించినా పడేవాణ్ని. ఆయన కార్డు తీసి నా చేతిలో పెట్టి, "నాకు చెప్పక్కర్లేదు. ఎవరికి చెప్పాలో నీకు తెలుసు" అని లోపలికి వెళ్లిపోయారు. ఆయన కోడలు రెండు కప్పుల టీ తెచ్చి, ఖాళీ కుర్చీ చూసి, ఏమీ అర్థంకాక నిలబడింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

గురువారం సెలవు పెట్టి బడికి వెళ్లాను. ఆట స్థలంలో పిల్లలు వరసగా పరిగెడుతున్నారు. డ్రిల్లు టీచరు కుడి చెయ్యి ప్లాస్టరులో, మెడకి వేలాడుతోంది. ఎడం చేత్తో ఈల పట్టుకునుంది. నన్ను చూసి పలకరింపుగా నవ్వింది.

"ఎక్స్‌రే ఆయన కదూ? ఏంటండీ ఇలా వచ్చారు? మళ్లీ తీయాలా?"

"కాదు మేడం. ఆదివారం మీరు లాగింది నన్నే."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. అది చూస్తూ నిలబడటం ఎంత కష్టమో చెప్పలేను. పిల్లలు ఒక చుట్టు పూర్తిచేసి మా ముందునుంచి వెళ్లారు. ఆవిడ ఈలేసి ఇంకో చుట్టు వేయమని చెయ్యి తిప్పింది.

"ఆదివారం మీరు భయపడ్డారు" అంది చివరికి. "అది నాకు అర్థమవుతుంది. భయంలో మనుషులు ఏం చేస్తారో పదకొండేళ్లుగా చూస్తున్నా. కానీ సోమవారం పొద్దున నా చెయ్యి మీ చేతుల్లోనే ఉంది కదండీ."

"అవును మేడం."

"మొత్తం నాచేత చెప్పించుకున్నారు. మీ మొహంలోకి చూసే చెప్పాను. నొప్పిగా ఉందా మేడం అని ఎంత మర్యాదగా అడిగారు!"

"క్షమించండి" అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా ఉందో అన్నాక తెలిసింది.

"ఆ సంగతి తర్వాత. నాకు చెప్పి ఏం లాభం? నేను లాగింది గాలిని కాదని నాకు ముందే తెలుసు. ఆఫీసుకి వెళ్లి రాసివ్వండి." ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "వెళ్లండి. మధ్యాహ్నమైతే తాళం వేస్తారు."

వెళ్లాను. రెండు పేజీలు రాశాను. గీత దాటానని, ఆవిడ ఒకసారి వెనక్కి పంపినా మళ్లీ దాటానని, ఈల విన్నానని, అడిగినప్పుడు చెప్పలేదని. నవ్వానని కూడా రాశాను. రేసు అధికారి అది చదివి, "ఇది అక్కర్లేదు" అని కొట్టేయబోతే ఉంచమన్నాను. రుజువుగా ఫొటో ఇచ్చాను. ఆయన అది చూడగానే, "అబ్బ! ఏం పడిందండీ!" అని పక్క గదిలో వాళ్లని కూడా పిలవబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆ పొగడ్త చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

టీచరు మీద నిషేధం ఎత్తేశారు, పొరపాటు జరిగిందని ఉత్తరం రాశారు. నా పాసు రద్దుచేసి ఏడాది దాకా ట్రాక్ లోపలికి అడుగుపెట్టొద్దన్నారు. పాసు ఇప్పించిన జట్టుకి ఆ సీజన్లో ఇక అతిథి పాసులు లేవన్నారు. తొమ్మిదో నంబరు కోల్పోయిన రేసు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. టోపీ మాస్టారు తనంతట తనే వెళ్లి, తన పూచీ తప్పిందని అందరి ముందూ చెప్పొచ్చారని తర్వాత తెలిసింది.

ఇంతమందికి చెప్పానా, మా ఆవిడకి మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని దాటవేశాను. ఆ లోపు వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. నేను వచ్చేసరికి ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"జూమ్ అన్నారు" అంది.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఆ బండి మిమ్మల్ని కొట్టుంటే నాకు ఎవరో వచ్చి చెప్పేవారు. కొట్టలేదు కాబట్టి మీరే వచ్చి చెప్పాలి కదా. అదీ ఎవరో చెప్పాల్సి వచ్చింది."

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో మాటలు అవసరానికే నడిచాయి. మా బావమరిది నెలన్నర పాటు గుమ్మం తొక్కలేదు. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "ఇరవై ఏడు ఆ ఫొటో అడుగుతున్నాడు, గోడకి పెట్టుకుంటాడట" అన్నాడు. ఇవ్వలేనురా అన్నాను. "వద్దులే. నేనే ఏదో చెప్తా" అని పెట్టేశాడు.

సీజన్ ఆఖరి రేసుకి మా ఆవిడే టికెట్లు కొంది. ప్రేక్షకుల వరసల్లో కూర్చోవడానికి నిషేధం లేదు. కెమెరా తీసుకెళ్లాను. కంచె వల అడ్డంగా పడుతూ ఏదీ సరిగ్గా రాలేదు. మూడో మలుపు దూరంగా కనిపిస్తోంది. అక్కడ జెండాలు చంకలో పెట్టుకుని సన్నటి, నిటారైన మనిషి.

"ఆవిడేనా?" అంది మా ఆవిడ.

"ఆవిడే."

రేసంతా మా ఆవిడ బండ్లని చూడలేదు. టీచర్నే చూసింది.

అయిపోయాక బయటికి వచ్చే దారిలో డ్రిల్లు టీచరు చుట్టిన జెండాలతో ఎదురొచ్చింది. నేను పక్కకి తప్పుకోబోయాను. మా ఆవిడ ఆగి నమస్కారం పెట్టింది. "మీ చెయ్యి ఎలా ఉందండీ? నేను ఈయన భార్యని."

టీచరు నా వైపు ఒకసారి చూసి, మళ్లీ మా ఆవిడ వైపే తిరిగింది. "పర్లేదమ్మా. చలికి సలుపుతోంది. బరువెత్తితే పట్టు జారుతోంది."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించా. ఇంకో రెండు నెలలు పడుతుందన్నారు."

ఇద్దరూ ఇంకాసేపు మాట్లాడుకున్నారు, చెయ్యి గురించి, బడి గురించి. వెళ్లబోతూ టీచరు, "ఇవాళ ఎక్కడ్నుంచి తీశారు?" అని నన్నడిగింది. నవ్వలేదు, వెటకారమూ లేదు. నిజంగానే అడిగింది.

"టికెట్ వరసల్లోంచి మేడం."

"ఊఁ" అంది. జెండాలు ఎడం చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయింది. బస్సు వచ్చేదాకా నేను మా ఆవిడ వెనకే నిలబడ్డాను.